పుష్‌బ్యాక్ సంజీవని: ఒక యాత్రా కరపత్రానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

కార్తీకం దగ్గరపడగానే దినపత్రిక మడతలోంచి ఒక పసుపు కాగితం జారిపడుతుంది. కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య, మథుర, ఆగ్రా, ఢిల్లీ, హరిద్వారం అని మొదలై రెండు సెల్ నంబర్లతో ముగిసే ఆ గ్రంథానికి కర్త ఎవరో తెలియదు. పాఠకులకు కొదవ లేదు కానీ ఇంతవరకు వ్యాఖ్యాత పుట్టలేదు. మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నారు. ఆయన ముందున్నది కాళిదాసు, చెల్లింది. నా ముందున్నది కరపత్రం. ఇందులో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ గనుక ఆ నియమానికి దూరం నుంచే నమస్కరించి మొదలుపెడుతున్నాను.

మూలము: "పుష్‌బ్యాక్ సీట్లు గల లగ్జరీ బస్సులో 15 రోజుల ఉత్తర భారత యాత్ర."

టీక: పుష్‌బ్యాక్ = వెనుక కూర్చున్నవారి మోకాళ్లమీదికి వాలునట్టి; సీట్లు గల = ఆసనములు కలిగినట్టి; లగ్జరీ = ఊరు దాటువరకైనను ఏసీ పనిచేయునట్టి; బస్సులో = శకటమునందు; 15 రోజుల = బయలుదేరు సాయంత్రమును, ఇల్లు చేరు తెల్లవారుజామును చెరొక రోజుగా లెక్కింపగా పదునైదగు; ఉత్తర భారత = వింధ్యకు ఆవలి; యాత్ర = యాత్ర.

విశేషము: వెనక చక్రం మీది సీటు గురించి మూలం మౌనం వహించింది. మోకాళ్ల నొప్పులున్న పిన్నిగారికే ఆ సీటు రావడం యాత్రాశాస్త్రంలో నిత్యవిధి.

మూలము: "ఉదయం కాఫీ, టిఫిన్, మధ్యాహ్నం ఆంధ్రా భోజనం, రాత్రి ఫలహారం మావే."

తాత్పర్యము: ఈ గ్రంథానికి ప్రాణం ఈ వాక్యమే. మిగిలినదంతా దీనికి ఉపోద్ఘాతం. బస్సు డిక్కీలో సోనా మసూరి బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, గుండిగలు, ఆవకాయ, గోంగూర, కందిపొడి సర్దాకే పెట్టెలకు చోటు. కాశీ ధర్మశాల పెరట్లో తెల్లవారుజామున మూడింటికి వంటమాస్టరు పొయ్యి వెలిగిస్తాడు. గంగాస్నానం చేసి వణుకుతూ వచ్చేవాళ్లకు ఉప్మా పోపు వాసన తగిలినప్పుడు అతని విలువ తెలుస్తుంది. ఈ కావ్యానికి నాయకుడు నిర్వాహకుడా, డ్రైవరా అని చర్చించేవారు ఆకలి తెలియనివారు. నాయకుడు వంటమాస్టరే.

శంక: అంత దూరం పోయి మన ఉప్మానే తినడమెందుకు?

సమాధానము: తినకూడదని శాస్త్రంలో లేదు. అయితే కాశీ సందుల్లో పొద్దున్నే కచోరీ, జిలేబీ వేడివేడిగా తీస్తుంటారు. చలికాలం ఉదయాల్లో మాత్రమే దొరికే మలయ్యో అనే పాలనురుగు మిఠాయి ఉంటుంది. బస్సువారి ఉప్మా తిని, కుంకుమ కొనుక్కుంటామని చెప్పి సందులోకి జారుకునేవారు ప్రతి యాత్రలోనూ ఉంటారు. వీరిని ఉభయభ్రష్టులనరాదు, ఉభయపుష్టులనాలి.

గయలో ఇష్టమైన కూర ఒకటి, పండు ఒకటి వదిలే ఆచారం మనవారిలో ఉంది. కాబట్టి గయ దాటాక వంటమాస్టరు కొత్త చిట్టా రాసుకోక తప్పదు. "ఇష్టమైన" అన్న విశేషణాన్ని కాకరకాయకు అన్వయించే సాహసం వ్యాకరణంలో ఎక్కడా కనబడదు, బస్సులో మాత్రం ప్రతి వరుసలోనూ కనబడుతుంది.

మూలము: "పడవ, ఆటో, గైడు, ప్రవేశ టిక్కెట్లు యాత్రికులవే."

తాత్పర్యము: స్పష్టము.

మూలము: "ప్రసిద్ధ ప్రదేశములన్నియు చూపబడును."

తాత్పర్యము: చూపబడును అన్నారే గాని చూస్తారని అనలేదు. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. ఎర్రకోటకు సోమవారం సెలవు. దారిలో టైరు పంక్చరై గురువారం చేరవలసిన బస్సు శుక్రవారం ఆగ్రా చేరితే, యమునకు అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్ దగ్గర దింపి వేలు చూపిస్తారు. క్రియాపదం నిలబడింది, ప్రవేశానికి పెట్టే 50 రూపాయలు, లోపలి సమాధికి పెట్టే మరో 200 మిగిలాయి. బృందావనంలో కోతులు కళ్లద్దాలు లాక్కుపోయి ఫ్రూటీ ఇస్తేగాని వదలవు. అద్దాలు పోయాక చూపబడిన ప్రదేశాలకు మూలకర్త బాధ్యుడు కాడు.

మూలము: "1వ రోజు: సాయంత్రం 4 గంటలకు హైదరాబాదు నుండి బయలుదేరుట. రాత్రి ప్రయాణం. 2వ రోజు: మార్గమధ్యము. 3వ రోజు: ప్రయాగ."

తాత్పర్యము: పాఠకులు ఈ పంక్తిని దాటేసి ప్రయాగ దగ్గర కళ్లు ఆపుతారు. వ్యాఖ్యాతకు ఆ స్వేచ్ఛ లేదు. మార్గమధ్యము అనే ఈ ఒక్క మాటలో దాదాపు 1,100 కిలోమీటర్ల దేశం ఇరుక్కుని ఉంది.

నిర్మల్ దగ్గర సోన్ వంతెన మీద గోదావరి దాటేటప్పటికి బస్సులో రాత్రి ఫలహారం పంచుతుంటారు. పెన్‌గంగ దగ్గర బోర్డుల మీద తెలుగు అయిపోతుంది, అప్పటికి సగం బస్సు గురక. విదర్భ నల్లరేగడి, పత్తి చేలు చీకట్లో పోతాయి. నాగపూరు దాటాక పెంచ్ అడవిలో పులులు, దుప్పులు కిందుగా దాటిపోవడానికి రోడ్డునే ఎత్తి కట్టిన చోట్లున్నాయి. పులి కింద, మనం పైన, ఇద్దరిలో మెలకువగా ఉన్నది పులి. జబ్బల్పూరు ముందు తిల్వారా ఘాట్ దగ్గర నర్మద వస్తుంది. మన గోదావరి, కృష్ణలకు ఎదురుగా పడమటికి పారే ఆ మహానదిని నోట్లో పేస్టు నురగతో చూస్తాం, చూస్తే. పగలు చూడవచ్చు గదా అంటారా? ఎండ పడుతోందని కర్టెన్లు లాగేస్తారు, టీవీలో పాత సినిమా. జబ్బల్పూరుకు, కట్నీకి నడుమ కర్కటరేఖ దాటిన సంగతి హీరో ఫైటింగులో కలిసిపోతుంది.

విశేషము: నాగపూరు దాటాక రోడ్డుకు కాస్త ఎడంగా రామ్‌టేక్ గుట్ట ఉంది. మేఘదూతంలోని రామగిరి ఇదేనని పండితుల్లో చాలామంది మాట. ఆ కావ్యమూ ఒక ఉత్తర భారత యాత్రా కరపత్రమే. రేవ అనే నర్మద, విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రం, ఇవాళ హరిద్వారంలో ఒక పేటగా ఉన్న కనఖలం, అన్నీ అందులో ఉన్నాయి. కానీ యక్షుడు మేఘాన్ని కొండల మీద ఆగి సేదదీరమన్నాడు, నదుల దగ్గర నీళ్లు తాగమన్నాడు. దారి వంకరైనా ఉజ్జయిని చూసిపొమ్మన్నాడు. రాత్రి ప్రయాణం పెట్టలేదు: ఇల్లాలు మెరుపు అలసిపోయి ఉంటుంది, ఏ మేడ మీదనో రాత్రి గడిపి, పొద్దుపొడిచాక మిగిలిన దారి పట్టమన్నాడు. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథుడి సీమ మీదుగానే మన బస్సూ వెళుతుంది.

ఏనుగుల వీరాస్వామయ్య కూడా హైదరాబాదు, నాగపూరుల మీదుగానే కాశీ వెళ్లాడు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. మజిలీ మజిలీకి ఊరు, నీళ్లు, అంగళ్లు, దిగడానికి వసతి రాసిపెట్టుకున్నాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో కాశీకంటే దారే ఎక్కువ చోటు తీసుకుంది.

పూర్వపక్షము: రాత్రి ప్రయాణం వల్ల బస్సెడు మందికి గది అద్దె మిగులుతుంది. జీవితంలో ఒక్కసారి కాశీ చూస్తే చాలనుకుని దాచుకున్న డబ్బుతో వచ్చిన పెద్దలకు కట్నీతో పనేమిటి?

సిద్ధాంతము: వాదం న్యాయమైనదే. ఆ పెద్దలకు గంగలో మూడు మునకలు వేయించి క్షేమంగా తెచ్చిన నిర్వాహకుడికి దండం పెట్టవలసిందే. అయినా పదిహేను రోజుల్లో ఒక్క రాత్రి నాగపూరులో పడుకుని, తెల్లవారి నర్మద దాకా వెలుతురులో పోతే మనిషికి పెరిగేది ఒక గదిలో వాటా అద్దె. కాగితం మీద ప్రసిద్ధ ప్రదేశాల్లో ఒకటి తగ్గుతుంది. నా ఓటు తగ్గించడానికే.

కాబట్టి చదువరులకు మనవి. కింద అచ్చువేసిన నంబరుకు ఫోన్ చేసినప్పుడు కాఫీలో పంచదార సంగతి, సీటు నంబరు సంగతి తర్వాత అడగవచ్చు. ముందు రాత్రి ప్రయాణాలు ఎన్ని ఉన్నాయో అడగండి.