చెవికి కాపలా

నేను విమానం నడిపేవాళ్ల నెత్తిన కూర్చునే హెడ్‌సెట్‌ని. రెండు చెవులకు రెండు కప్పులు, వాటిని కలుపుతూ నెత్తి మీదుగా ఒక పట్టీ, పెదవుల దాకా సాగిన చిన్న మైకు, వైరు మధ్యలో రెండు బ్యాటరీలు పట్టే డబ్బా. నా ఒళ్లంతా ఇంతే. పాటలు వినడానికి కొనుక్కునే హెడ్‌ఫోన్లతో నాకు రూపంలోనే పోలిక. వాటిలో పాట మధ్యలో తెగిపోతే ఎవరికీ ఏమీ కాదు. నాలో ఒక్క అంకె తప్పుగా వినిపిస్తే విమానం తప్పు ఎత్తులో ఎగురుతుంది.

ప్రస్తుతం నేను హైదరాబాదు శివార్లలోని నాదర్‌గుల్‌లో, ఒక ట్రైనీ పైలట్ బ్యాగులో ఉంటున్నాను. ఆ అమ్మాయిది ఖమ్మం. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ రన్‌వేలన్నీ చుట్టూ ఉన్న ఆకాశం ఇది. ఇక్కడ ఎగిరేవాళ్లకు కళ్లెంత ముఖ్యమో చెవులూ అంతే ముఖ్యం. ఆమె నన్ను ఎంచుకున్న తీరు చెప్పాలనే నోరు విప్పాను. అంతకంటే ముందు మా వాళ్ల గురించి, అంటే హోరును అణచే హెడ్‌సెట్ల గురించి రెండు మాటలు.

చప్పుడును చప్పుడుతోనే అణచవచ్చని పాల్ ల్యూగ్ అనే జర్మన్ 1930లలోనే ఊహించాడు. 1936లో అమెరికాలో పేటెంటు కూడా దక్కింది. కానీ ఆ పని చేయగల ఎలక్ట్రానిక్స్ అప్పటికి పుట్టలేదు. 1978లో అమర్ బోస్ అనే ఎంఐటీ ప్రొఫెసర్ జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళ్తూ, విమానం వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. సంగీతమంతా ఇంజను హోరులో కొట్టుకుపోయింది. విసుక్కుని తీసేసి ఊరుకోలేదాయన. ఆ ప్రయాణంలోనే కాగితం తీసి లెక్కలు మొదలుపెట్టాడు. ఆయన తండ్రి నోనీ గోపాల్ బోస్ బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడి, అమెరికాకు తప్పించుకుపోయిన బెంగాలీ విప్లవకారుడు. ఆ రక్తం వల్లనే మా జాతి పుట్టిందని నేను గర్వంగా చెప్పుకుంటాను. 1986లో డిక్ రుటాన్, జీనా యేగర్ వాయేజర్ విమానంలో ఎక్కడా దిగకుండా, ఇంధనం మళ్లీ నింపుకోకుండా భూమిని చుట్టివచ్చినప్పుడు, ఆ తొమ్మిది రోజుల హోరు నుంచి వాళ్ల చెవులను కాచింది ఇంకా అంగడికి రాని మా నమూనాలే. 1989లో మా వాళ్లు మార్కెట్లోకి వచ్చారు.

మాకంటే ముందున్నవాళ్లను తక్కువ చేయను. అమెరికాలో వూస్టర్ అనే ఊళ్లో డేవిడ్ క్లార్క్ కంపెనీ చేసే ఆకుపచ్చ కప్పుల హెడ్‌సెట్లతో తరాల పైలట్లు ఎగరడం నేర్చుకున్నారు. బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు. దళసరి కప్పు, గట్టి పట్టు, అంతే. కింద పడేసినా మళ్లీ పనిచేస్తాయి. అయితే వాటికి చేతకాని పని ఒకటుంది. అది అర్థం కావాలంటే ఇంజను లెక్క చూడాలి.

మా అమ్మాయి నడిపే సెస్నా 172కు నాలుగు సిలిండర్ల ఇంజను. నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుందనుకోండి, సెకనుకు 40 చుట్లు. చుట్టుకు రెండు సిలిండర్లు మండుతాయి కాబట్టి సెకనుకు 80 పేలుళ్లు. ప్రొపెల్లర్‌కు రెండు రెక్కలు, అవీ సెకనుకు 80 సార్లు గాలిని కొడతాయి. మంద్రంగా, ఎడతెగకుండా ఉండే ఆ హోరు ఎంత మందపాటి కప్పునైనా దాటుకుని లోపలికి వస్తుంది. సన్నటి కీచు శబ్దాలను స్పాంజి, ప్లాస్టిక్ ఆపగలవు గానీ దీన్ని ఆపలేవు. అక్కడ నా అవసరం పడుతుంది. నా కప్పు లోపల చెవి పక్కనే బుల్లి మైకు ఉంటుంది. లోపలికి చేరిన హోరును అది వింటుంది. నా సర్క్యూట్ సరిగ్గా దానికి తలకిందులైన అలను తయారుచేసి స్పీకరులోంచి వదులుతుంది. ఒక అల పైకి లేచే చోట రెండోది కిందికి దిగుతుంది, రెండూ కలిసి అణగిపోతాయి. స్విచ్ నొక్కగానే మొదటిసారి పెట్టుకున్నవాళ్లు ఇంజను ఆగిపోయిందేమోనని ఉలిక్కిపడతారు.

ఇక నా ఎంపిక. మా అమ్మాయి మొదట శిక్షణ సంస్థ హెడ్‌సెట్‌తోనే ఎగిరింది. దాని మెత్తలు గట్టిపడిపోయాయి, పగుళ్లు కూడా వచ్చాయి. ఎంతమంది చెమట పీల్చిందో తెలియదు. అరగంట దాటేసరికి నడినెత్తిన ఒకచోట మేకు దిగినట్టు నొప్పి. నొప్పి పుడితే మనిషి చేసేది ఒకటే, ఒక కప్పును చెవి వెనక్కి తోసేయడం. ఇక ఆ చెవిలో రేడియో ఉండదు, హోరు మాత్రమే ఉంటుంది. "సే అగైన్" అని మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుంది. ఒంటికి సుఖంగా ఉండటం షోకు అనుకునేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. బాధపెట్టే హెడ్‌సెట్ ఎంత ఖరీదైనదైనా చెవి మీద నిలవదు. నిలవని హెడ్‌సెట్ చెవిని కాయలేదు.

ఆమె ఇన్‌స్ట్రక్టర్ కెప్టెన్ గారు అది గమనించారు. "డబ్బా మీద అంకెలు తర్వాత చూద్దువు గానీ అమ్మా, ముందు నాది పెట్టుకుని గంటసేపు ఉండు. నాకు రాత్రిళ్లు చెవుల్లో కీచురాళ్లు కూస్తూనే ఉంటాయి. మా రోజుల్లో ఇవెక్కడివి" అన్నారు.

"మరీ ఖరీదు కదా సార్" అంది.

"చెవులు పోతే మెడికల్ పోతుంది. మెడికల్ పోతే లైసెన్సు ఎందుకమ్మా?"

ఆయన భయపెట్టడానికి అన్న మాట కాదు అది. పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష, క్లాస్ 1 మెడికల్‌లో చెవులను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. 500, 1,000, 2,000 హెర్ట్జ్‌ల దగ్గర 35 డెసిబెళ్లు, 3,000 దగ్గర 50 డెసిబెళ్లు, ఇంతకు మించి వినికిడి తగ్గకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఇంకో లెక్క కూడా ఉంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ప్రకారం 85 డెసిబెళ్ల చప్పుడులో ఉత్త చెవులతో 8 గంటలు ఉండవచ్చు. మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర మిగిలేది గంటే. చిన్న విమానాల కాక్‌పిట్లో చప్పుడు 90 ప్రాంతంలో ఉంటుంది.

సెలవుల్లో ఆమె స్నేహితుల దగ్గరున్న రెండు మూడు రకాలు అడిగి తెచ్చుకుంది. ఊరికే తల మీద పెట్టి తీసేయలేదు, ఒక్కోదానితో గంటకు తగ్గకుండా కూర్చుంది. ఎగిరేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, కళ్లజోడుతో, బిగించి వేసుకున్న జడతో. లావుపాటి కాడలున్న కళ్లజోడు మెత్తను ఎత్తిపెడుతుంది, ఆ సందులోంచి హోరు దూరుతుంది, నా సర్క్యూట్ ఎంత కష్టపడినా లాభముండదు. అది తెలిశాక సన్నటి తీగ కాడల జోడు చేయించుకుంది. చెవి దుద్దులు కప్పు కింద గుచ్చుకుంటున్నాయని ఎగిరే రోజు తీసి జేబులో వేసుకోవడం అలవాటు చేసుకుంది. బరువు కూడా చూసింది. మా జాతిలో 340 గ్రాముల వాళ్లున్నారు, అర కిలోకు దగ్గరపడేవాళ్లూ ఉన్నారు. కానీ బరువు ఎంతన్నదాని కంటే ఎక్కడ ఆనుతుందన్నది ముఖ్యం. నెత్తిన వెడల్పుగా పరుచుకునే పట్టీ ఉంటే కాస్త బరువైనా తెలియదు. రెండు పక్కల నుంచి నొక్కే పట్టు మరీ వదులైతే హోరు చొరబడుతుంది, మరీ బిగువైతే దవడ నొప్పి పుడుతుంది. ఇది ఎవరి తలను బట్టి వాళ్లకే తెలియాలి, ఇంకొకరు చెప్పగలిగేది కాదు. ఇవన్నీ చూసుకున్నాకే ఆమె నన్ను ఎంచుకుంది.

జాక్ కూడా చూసి కొనాలి. చిన్న విమానాల్లో రెండు జాక్‌లుంటాయి, లావుది వినడానికి, సన్నది మాట్లాడడానికి. హెలికాప్టర్‌కు ఒకటే. ఎయిర్‌బస్‌లో అయిదు పిన్నుల జాక్. రేపు ఎయిర్‌లైన్స్‌లో చేరాలనుకునేవాళ్లు వైరు మార్చుకునే వీలుందో లేదో ముందే అడగాలి.

నా గురించి ఒక హెచ్చరిక నేనే చెప్పాలి. ప్రమాద ఘంటికలు కూడా చప్పుళ్లే. సెస్నా 172లో రెక్క పట్టు తప్పబోతుంటే కూసే స్టాల్ హారన్ నా వైర్లలోంచి రాదు, క్యాబిన్‌లో కూస్తుంది. నాలాంటివాళ్ల వల్ల అలాంటి శబ్దాలు వినబడకపోవచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2007లోనే పైలట్లను అప్రమత్తం చేసింది. అందుకే కెప్టెన్ గారు కాస్త ఎత్తుకు వెళ్లాక, నేను పనిచేస్తుండగానే స్టాల్ దగ్గరికి తీసుకెళ్లి "వినబడుతోందా అమ్మా?" అని అడిగారు. వినబడింది. ఇంజను గొంతు మారితే నాలోంచి ఎలా తెలుస్తుందో కూడా ఆమె చెవికి పట్టుబడేదాకా వదల్లేదు.

మే నెలలో క్యాబిన్ మండిపోతుంది. నా మెత్తలకు ఆమె నూలు తొడుగులు వేస్తుంది, దిగాక తుడుస్తుంది, బ్యాగులో అదనపు బ్యాటరీలు పెట్టుకుంటుంది. గాల్లో బ్యాటరీ అయిపోయినా రేడియో ఆగదు, హోరు మాత్రం ఒక్కసారిగా మీదపడుతుంది. మైకును ఆమె పెదవులకు దాదాపు తగిలేలా పెట్టుకుంటుంది. దూరం జరిపితే ఆమె మాట టవర్‌కు ఇంజనుతో కలిసిపోయి చేరుతుంది.

విమానం నేర్చుకోవాలని వచ్చే పిల్లలకూ, వాళ్ల కోసం అప్పు చేసే తల్లిదండ్రులకూ నా మనవి. మాలో పేరున్నవాళ్ల ధర అమెరికాలోనే వెయ్యి డాలర్లు దాటుతుంది. అంత పెట్టలేకపోతే మంచి మెత్తలున్న మామూలు హెడ్‌సెట్ కొనండి, దాని కింద చెవుల్లో స్పాంజి ప్లగ్గులు పెట్టుకుని రేడియో వాల్యూమ్ పెంచుకోండి. ఏది కొన్నా మీ కళ్లజోడుతో గంటసేపు పెట్టుకుని చూశాకే డబ్బు కట్టండి. హోరుకు బలైన వినికిడిని తిరిగి తెచ్చే మందు ఇంకా రాలేదు.