పైకి పారే అంతర్జాలం

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్న సామెతకు ప్రభుత్వ పాఠశాలల్లోని ఇంటర్నెట్ ఒక సవరణను ప్రతిపాదిస్తున్నది: అది పల్లానికి దిగదు, మెరకకే పారుతుంది. బడి నుంచి మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజధానిలోని కమిషనరేట్‌కు ఎగబాకే ఈ ప్రవాహంలో పిల్లల హాజరు, ఉడికిన కోడిగుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఛాయాచిత్రాలు, బూట్ల సైజులు, ఉపాధ్యాయుల ముఖాలు నిరాటంకంగా సాగిపోతుండగా, పైనుంచి కిందికి రావలసిన పాఠం మాత్రం తరచుగా బఫరింగ్ అనే దశలో ఆగి ఉంటుంది. బఫరింగ్ అనగా తెర నడుమ ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉండగా నలభై మంది విద్యార్థులు దానినే తదేకంగా చూస్తూ ఓర్పును అభ్యసించే ప్రక్రియ. ఇంతటి సుగుణానికి పాఠ్యప్రణాళికలో మార్కులు కేటాయించకపోవడం విద్యావేత్తల దృష్టిలోపమే.

ఈ ప్రవాహానికి చరిత్ర ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్యను 'బూట్' పద్ధతిలో తీసుకువచ్చారు; బూట్ అంటే ప్రైవేటు సంస్థ తానే నిర్మించి, తానే యజమానిగా ఉండి, తానే నడిపి, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగించే ఏర్పాటు. ఐదేళ్ల గడువు తీరింది, అప్పగింతలు జరిగాయి. అప్పగించిన వాటిలో యంత్రాలు ఉన్నాయి గాని వాటిని నేర్పే బోధకులు లేరు, ఎందుకంటే వారు సంస్థ మనుషులే తప్ప బడి మనుషులు కారు. అటుపిమ్మట చాలాచోట్ల కంప్యూటర్ గదికి గర్భగుడి హోదా దక్కింది: చెప్పులు బయట విడవాలి, కిటికీలకు తెరలు వేలాడాలి, లోపలి మూర్తులకు దుమ్ము సోకకుండా బట్ట కప్పాలి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుని బీరువాలో భద్రంగా ఉండాలి, తనిఖీ అధికారి విచ్చేసిన పర్వదినాన మాత్రమే దర్శనం. ఇందుకు ప్రధానోపాధ్యాయుని తప్పుపట్టడం అన్యాయం. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన మౌస్ ఒకటి కనిపించకపోతే సంజాయిషీ ఆయనే ఇవ్వాలి, పిల్లలు ఆ మౌస్‌ను ఏడాది పొడుగునా ఒక్కసారైనా ముట్టుకోలేదంటే మాత్రం సంజాయిషీ అడిగే వారెవరూ ఉండరు. పోతే ప్రశ్నించే నిబంధన ఉండి, వాడకపోతే ప్రశ్నించే నిబంధన లేనిచోట తాళం వేయడమే వివేకవంతుని లక్షణం.

రెండవ యుగం ట్యాబ్‌లతో మొదలవుతుంది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ అనే ఆన్‌లైన్ బోధన కంపెనీతో ఒప్పందం చేసుకోగా, అదే ఏడాది డిసెంబరు 21న, నాటి ముఖ్యమంత్రి జన్మదినాన, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ ప్రారంభమై, ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి 5.18 లక్షల ట్యాబ్‌లు మంజూరయ్యాయి. మరుసటి ఏడాది అదే తేదీన, అదే శుభసందర్భంలో, మరో నాలుగు లక్షల పైచిలుకు వచ్చాయి. విద్యాసంవత్సరం జూన్‌లో మొదలైతే విద్యాసామగ్రి డిసెంబరులో ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు పంచాంగకర్తలే సమాధానం చెప్పాలి. పాఠాలను ముందుగానే ఎక్కించి ఇవ్వడం వల్ల ఇంటర్నెట్ లేని ఊళ్లలోనూ వాటిని చూడగలిగారన్నది మాత్రం నిజాయతీగా ఒప్పుకోవలసిన మేలు. పిల్లవాడు పాఠం తప్ప మరొకటి చూడకుండా ఆ పరికరాలకు 'మొబైల్ డివైజ్ మేనేజ్‌మెంట్' అనే తాళం వేశారు. ట్యాబ్‌లో ఏ యాప్ ఉండవచ్చునో ఏది ఉండరాదో ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌కు అది పేరు. ఈ తాళాన్ని కొందరు విద్యార్థులు స్వయంగా విప్పగలిగారు, విప్పలేనివారు విప్పగల స్నేహితుణ్ణో ఊళ్లోని సెల్‌ఫోన్ రిపేరు దుకాణాన్నో ఆశ్రయించారు. సిలబస్‌తో నిమిత్తం లేకుండా, ఉపాధ్యాయుని ప్రమేయం లేకుండా, పరస్పర సహకారంతో సాధించిన ఈ కంప్యూటర్ విద్యా విజయాన్ని విజయాల పద్దులో చూపిన అధికారిక నివేదిక ఇంతవరకు రాకపోవడం శోచనీయం.

పాఠాలు సమకూర్చిన కంపెనీ ప్రస్థానం అంతకంటె బోధప్రదం. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన ఆ సంస్థ విషయంలో 2024 జూలైలో బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియకు అనుమతించింది. భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద పేరు వేయించుకున్నందుకు క్రికెట్ బోర్డుకు చెల్లించవలసిన 158 కోట్ల రూపాయల బకాయి వ్యాజ్యానికి మూలం. ఆ విధంగా ఎనిమిదో తరగతిలో ట్యాబ్ అందుకున్న తొలి విడత విద్యార్థులు పదో తరగతిలో అడుగుపెట్టేసరికి వారి పాఠాల కంపెనీ దివాలా విచారణలో అడుగుపెట్టింది. ముప్పై ఏళ్ల సర్వీసు గల ఉపాధ్యాయునికి ప్రత్యామ్నాయంగా చెప్పుకున్న వ్యవస్థ ఒక బ్యాచ్‌ను పదో తరగతి గట్టెక్కించేదాకా ఆగలేకపోయింది.

విధానపరమైన స్పష్టతకు 2023వ సంవత్సరం పెట్టింది పేరు. ఆ ఏడాది యునెస్కో తన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదికను వెలువరించి, బడిలోకి వచ్చే సాంకేతికత ఎవరి షరతుల మీద వస్తున్నదన్నదే అసలు ప్రశ్న అని పేర్కొంటూ, తరగతిలో ఫోన్లు ఏకాగ్రతను చెడగొడతాయని హెచ్చరించింది. ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఆగస్టులో ఆ నివేదికను ఉదహరిస్తూ విద్యార్థులు బడికి ఫోన్ తేరాదనీ, ఉపాధ్యాయులు తరగతి గదిలో వాడరాదనీ ఆదేశించి, డిసెంబరులో పైన చెప్పిన రెండో విడత ట్యాబ్‌ల పంపిణీకి ఉపక్రమించింది. ఫోనుకూ ట్యాబ్‌కూ గల భేదాన్ని శాస్త్రీయంగా చెప్పవలసివస్తే అది తెర కొలతలో సుమారు రెండంగుళాలు. ఇదిలా ఉండగా ఒక పుట ఇంగ్లిషులో, ఎదుటి పుట తెలుగులో అచ్చయిన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు యథాస్థానంలో ఉన్నాయి. ఈ గళ్లబొమ్మను ఫోనుతో స్కాన్ చేస్తే, కేంద్రం 2017లో ప్రారంభించిన 'దీక్షా' వేదికలోని వీడియో పాఠం తెరుచుకుంటుంది. విద్యార్థి దగ్గర ఫోన్ ఉండరాదు, ఉపాధ్యాయుడు తరగతిలో దానిని తీయరాదు; కనుక ఆ కోడ్‌ను పుస్తకానికి అలంకారంగా భావించి ముందుకు సాగడమే ఉభయతారకం.

అయితే ఆ ఉపాధ్యాయుడు ఫోనును ఇంటివద్ద వదిలి వచ్చేందుకు వీల్లేదు, ఎందుకంటే 2022 ఆగస్టు నుంచి ఆయన హాజరు ముఖం ద్వారా పడుతున్నది, ఆ ముఖాన్ని చదివేది ఆయన సొంత ఫోను. తెలంగాణలోనూ 2025 ఆగస్టు నుంచి ఉపాధ్యాయులు ఈ ముఖహాజరు పరిధిలోకి వచ్చారు. ఏజెన్సీ గ్రామంలోని ఒక బడిని తొమ్మిదింటికి ఐదు నిమిషాల ముందు ఊహించుకుంటే ఈ విధానపు లోతు బోధపడుతుంది. ఇద్దరు ఉపాధ్యాయులు గేటు అవతల ఊరి నీళ్లట్యాంకు మెట్ల మీద నిలబడి, ఫోన్లను ఆకాశానికెత్తి, సిగ్నల్ గీత ఒకటి మెరవగానే ముఖాన్ని తెరమీది గుండ్రటి చట్రంలో ఇమిడ్చి, యాప్ కోరినట్టు రెప్ప వాల్చి తెరుస్తారు. నిలబడినది ఫొటో కాదు, మనిషేనని యంత్రం నిర్ధారించుకోవడానికి ఈ రెప్పపాటు అవసరం. అంతలో వారు పాఠశాల పరిధిలో లేరన్న సందేశం ప్రత్యక్షమవుతుంది. బడి చుట్టూ ఉపగ్రహ సంకేతాలతో గీసిన కనిపించని హద్దును జియోఫెన్సింగ్ అంటారు. ట్యాంకు దిగి హద్దులోకి వస్తే సిగ్నల్ ఉండదు, సిగ్నల్ కోసం ట్యాంకెక్కితే హద్దు ఉండదు. ఆవరణలో వరుసకట్టిన పిల్లలు ప్రార్థన మొదలుపెట్టాలో, మాస్టార్లు దిగేదాకా ఆగాలో తేల్చుకోలేక నిలబడి ఉంటారు. ఆ ఉపాధ్యాయులు బడికి వచ్చిన సంగతి అక్కడున్న పిల్లలందరికీ తెలుసు, తెలియనిది సర్వర్ ఒక్కదానికే. జీతం మాత్రం సర్వర్ చెప్పినట్టు వస్తుంది.

మరుగుదొడ్ల అధ్యాయాన్ని క్లుప్తంగా ముగించడం మర్యాద. మధ్యాహ్న భోజనాన్నీ పారిశుద్ధ్యాన్నీ పర్యవేక్షించే యాప్ ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయుల చేత మరుగుదొడ్ల ఫొటోలు తీయించి పంపించుకునేది. లెక్కల మాస్టారు భాగహారం మధ్యలో ఆపి, ఫోను పట్టుకుని ఆ దిశగా నడిచిన దృశ్యం ఒక తరం విద్యార్థులకు గురుశిష్య సంబంధంలో భాగమైపోయింది. 2024లో ప్రభుత్వం మారాక ఈ విధి నుంచి వారికి విముక్తి లభించింది, రకరకాల యాప్‌లను 'లీప్' అనే ఒక్క యాప్ కిందికి తెచ్చారు. రెండూ మంచి పనులే. అంతకుముందు సేకరించిన అసంఖ్యాక ఛాయాచిత్రాలను తరువాతి పరిశోధకులు ఏ శాస్త్రం కింద వర్గీకరిస్తారన్నది వేరే విషయం.

ఇక 'అపార్' అనే పన్నెండంకెల సంఖ్య ఉన్నది. దేశంలోని ప్రతి విద్యార్థికీ ఒక శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చి, వాని చదువు వివరాలన్నిటినీ దాని కింద భద్రపరచే ఈ పథకానికి ఒకే ఒక చిన్న షరతు: బడి రికార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటి కావాలి. తెలుగు ఇళ్లలో పేరనేది ఇంటిపేరుతో మొదలై, అడ్మిషన్ రిజిస్టరులో పొడి అక్షరంగా కుదించుకుని, ఆధార్ కేంద్రంలో ఆపరేటరు చేతిలో విస్తరించి, ఇంగ్లిషులో ఒకచోట ఒక అక్షరం చేర్చుకుని ఇంకోచోట జారవిడిచే ప్రాణి అని ఈ షరతు రాసినవారికి తోచలేదు. ఫలితంగా, ఒక పొడి అక్షరానికీ పూర్తి ఇంటిపేరుకూ కుదరని సయోధ్యను కుదర్చడానికి కూలి పని మానుకున్న తల్లి ఒకనాడు బడికి, ఒకనాడు మీసేవకు, మరొకనాడు ఆధార్ కేంద్రానికి తిరగవలసివచ్చింది. కళ్లెదుట రెండో బెంచీలో కూర్చున్న పిల్లవాడు వాడేనా కాదా అన్నది మాత్రం తేలకుండా ఉండిపోయింది.

ఇన్ని వివరాలు చివరకు చేరే చోటును డ్యాష్‌బోర్డు అంటారు. బడిని చూడకుండానే బడి గురించి సమస్తం తెలిసినట్టు అనిపింపజేసే రంగురంగుల తెర అది. కేంద్ర విద్యాశాఖవారి యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం 2023-24లో దేశంలోని పాఠశాలల్లో 53.9 శాతానికి ఇంటర్నెట్ ఉండగా 2024-25 నాటికి అది 63.5 శాతానికి పెరిగింది. పెరుగుదల నిజమే, సంతోషించదగినదే. అయితే ఈ వివరాలను నమోదు చేయవలసింది ఆన్‌లైన్‌లోనే గనుక, తమ దగ్గర ఇంటర్నెట్ లేదన్న వార్తను తక్కిన 36.5 శాతం బడులు ఏ మార్గాన అప్‌లోడ్ చేశాయన్న తాత్విక సందేహం మిగులుతుంది. సమాధానం చాలాచోట్ల ఉపాధ్యాయుని చొక్కాజేబులో, ఆయన సొంత డబ్బుతో నెలనెలా రీఛార్జి చేసుకునే డేటా ప్యాక్‌లో ఉన్నది. బడి వెలుపల పిల్లల పరిస్థితి ఇంతకంటె మెరుగు: గ్రామీణ భారతంలో 14-16 ఏళ్ల వారిలో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారేననీ, అలా తెలిసినవారిలో సర్వేకు ముందు వారంలో దానితో చదువుకు సంబంధించిన పని ఏదైనా చేసినవారు 57 శాతమైతే సామాజిక మాధ్యమాలు చూసినవారు 76 శాతమనీ 'అసర్' అనే గ్రామీణ విద్యా సర్వే 2024 నివేదిక తెలిపింది. అంటే ఇంటర్నెట్ పిల్లలకు అందలేదనడం సరికాదు. అందింది, బడి మీదుగా అందలేదు.

పైనుంచి కిందికి పాఠం దిగివచ్చిన సందర్భాలు లేకపోలేదు. కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ ఛానళ్లూ, ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానలూ టీవీ ద్వారా పాఠాలు ప్రసారం చేశాయి. పాస్‌వర్డ్ అడగని, ఓటీపీ పంపని, చూసినవాని ముఖాన్ని తిరిగి చూడని ఆ పాత పెట్టె తన పరిమితుల్లో తన పని చేసింది. నేడు కూడా పనిచేస్తున్న సాంకేతికత ఒకటున్నది. రాత్రి ఇంటివద్ద సొంత డేటాతో రక్తప్రసరణ మీద వీడియో ఒకటి దింపుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఉదయం కరెంటు ఉన్న పీరియడ్ చూసి, తరగతి గోడకు బిగించిన ఇంటరాక్టివ్ ప్యానెల్ అనే పెద్ద టచ్ తెర మీద దానిని ఆడించి, గుండె గదుల దగ్గర ఆపి వేలితో చూపిస్తూ ప్రశ్నలు వేసే ఉపాధ్యాయులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వారి సంఖ్య ఎంతో ఏ డ్యాష్‌బోర్డూ చెప్పదు, ఎందుకంటే ఆ పనికి యాప్ లేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వంతు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి దానిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది. పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో యంత్రం గుర్తించి దానికి తగిన అభ్యాసం ఇస్తుందంటున్నారు గనుక, ప్రవాహం ఈసారైనా దిశ మార్చుకునే అవకాశాన్ని కొట్టిపారేయరాదు. పిల్లవాడు ఆ యంత్రం ముందు వారానికి ఎన్ని నిమిషాలు కూర్చుంటున్నాడన్న ఒక్క లెక్కతో అది తేలిపోతుంది.

ఆ లెక్క కోసం నివేదికల దాకా ఎదురుచూడనక్కరలేదు. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశాలకూ, ఆర్భాటంగా జరిగే తల్లిదండ్రుల సమావేశాలకూ వెళ్లే అమ్మానాన్నలకు ఒక మనవి: గ్రూపు ఫొటో దిగి అది అప్‌లోడ్ అయ్యాక, కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గర ఉన్నదో అడగండి, తాళం తీయించండి, బట్ట తొలగించి మీ పిల్లవాణ్ణే స్విచ్ వేయమనండి.