అల్లుడి టెక్కు

మా అల్లుడికి ఇరవై తొమ్మిదేళ్లు. ఉద్యోగం ఇంకా కుదరలేదు గానీ అభిప్రాయాలు మాత్రం అన్నీ కుదిరిపోయినాయి.

అల్లుడంటే కూతురి మొగుడు కాదు, మా అక్క కొడుకు. ఉండేది తిరుపతిలో. లీలామహల్ దగ్గర ఒక టీ అంగడి వాడి కచేరీ. సాయంత్రం ఆరైతే ఒక చేత్తో టీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని బల్ల మీద కూర్చుంటాడు. ఫోను కొనాలనుకున్నోళ్లు, టీవీ మార్చాలనుకున్నోళ్లు, కొడుకు చేత ఆటలు మాన్పించాలనుకున్నోళ్లు అందరూ వాడి చుట్టూ చేరతారు. ఫీజు ఒక టీ. తీర్పు మీద అప్పీలు లేదు. ఈ విద్యను టెక్ అంటారట. చివర ఒక ‘కు’ తగిలిస్తే అది మావాడు.

నేను చిత్తూరు నుంచి నెలకోసారి అక్కను చూడ్డానికి పోతా. పోయినప్పుడల్లా ఆ బల్ల చివర కూర్చుని వింటా. వినగా వినగా ఒక సంగతి తెలిసొచ్చింది. వస్తువు వాడి చేతికి ఎంత దూరంలో ఉంటే, దాని మీద తీర్పు అంత గట్టిగా వస్తుంది.

వీడియో గేములాడే పెట్టె ప్లేస్టేషన్ 5 సంగతే చూడండి. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికొచ్చింది. అప్పటి ధర 49,990 రూపాయలు. ఆ రోజు మావాడి జేబులో ఉన్నది నూట ఎనభై. అయినా టీ ఊదుకుంటూ తేల్చిపారేసినాడు. “కొనకూడదు మామా. 825 జీబీ ఏ మూలకు చాల్తాది?” ఎదురుగా కూర్చున్న నలుగురూ తలలూపినారు. వాళ్లెవరి దగ్గరా యాభై వేలు లేవు. కాబట్టి ఆ రోజు అయిదుగురికి రెండున్నర లక్షలు మిగిలినట్టు లెక్క.

జీటీఏ అని ఒక ఆట. కార్లు ఎత్తుకుపోవడం, పోలీసుల్ని ఏడిపించడం అందులో పని. దాని అయిదో భాగం 2013 సెప్టెంబరులో వచ్చింది, మావాడు అప్పుడు ఇంటర్. ఆరో భాగం తొలి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. ఆ తర్వాత ఆట వాయిదా పడింది, ఆ వాయిదా కూడా వాయిదా పడింది. ఇంకా ఎవరి చేతికీ రాని ఆ ఆట మీద మావాడి తీర్పు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. “గ్రాఫిక్స్ ఫరవాలేదు, కతలోనే పస లేదు.” అది వచ్చినాకే పెండ్లి అని కూర్చున్నాడు. మా అక్క కొండవైపు తిరిగి రోజూ దండం పెట్టుకుంటుంది. “స్వామీ, ఆ కార్లెత్తుకుపోయే ఆట ఏదో తొందరగా విడుదల చేయించు.”

పబ్జీ అయితే మా ఇంటి చరిత్రలో ఒక అధ్యాయం. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. అందులో ఇదీ ఉంది. ఆ పూట మావాడు అన్నం ముట్టలేదు. “చైనాతో గొడవ గదరా, దేశం కోసం ఓర్చుకో” అన్నా. “ఆట చేసింది కొరియా వోళ్లు మామా, ఫోన్లోకి తెచ్చింది చైనా వోళ్లు. ఈ మాత్రం తెలీకుండా మాట్లాడతారే” అని మొగం తిప్పుకున్నాడు. నిజమే, నాకు తెలీదు. 2021 జూలైలో అది బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జూలైలో మళ్లీ పోయింది. 2023 మేలో మళ్లీ వచ్చింది. పండక్కి అలిగే కొత్తల్లుడు కూడా ఇన్నిసార్లు పోయి రాడు. వచ్చేటప్పుడు రవంత సంస్కారం నేర్చుకుని వచ్చింది. ఇప్పుడందులో తుపాకీ దెబ్బ తగిలితే రక్తం ఎర్రగా రాదు, పచ్చగా వస్తుంది. మనిషిని కాల్చినా కరివేపాకు నూరినట్టే కనబడుతుంది గనుక పిల్లలు చెడిపోరని నమ్మకం.

ఒక రోజు మా అమ్మ, అంటే వాడి అవ్వ, పక్కన కూర్చుని ఆ ఆట చూసింది. బొమ్మకు తొడిగే చొక్కాకు వాడు నాలుగు వందలు కట్టినాడని తెలిసి నోరెళ్లబెట్టింది.

“చొక్కా నీకా?”

“కాదవ్వా, ఆటలో నాకు.”

“అది వేసుకుంటే దెబ్బ తగలదా?”

“తగుల్తాది. ఊరికే వేషం.”

అవ్వ కాసేపు ఆలోచించింది. “మా గంగజాతరలో బైరాగి వేషానికి నామకొమ్ము, బండ వేషానికి కుంకం, తోటి వేషానికి బొగ్గుపొడి. అన్నీ కలిపినా నాలుగు రూపాయలయ్యేది కాదు గదరా” అంది.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వారం రోజులు జరుగుతుంది. ఆడబిడ్డల్ని చెరబట్టిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటే, ఆమె రోజుకో వేషంలో ఊరంతా వెతికి, చివరికి దొర వేషంలో వచ్చి వాణ్ని బయటికి రప్పించి చంపిందని కథ. ఆలోచిస్తే ఇందులో లేనిదేముంది? దాక్కున్న శత్రువు, వెతుకులాట, పూటకో వేషం, ఆఖరున ఒకే ఒక్క వేటు. జాతరలో వేషం కట్టినోడు ఎదురుపడ్డవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టొచ్చు, ఎవరూ ఏమనుకోరు. మావాడు అర్ధరాత్రి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిట్టేదీ అదే వరస. తేడా ఒక్కటే. గంగమ్మ వారం రోజుల్లో పని ముగించుకుని గుడికి పోయింది. మావాడి పాలెగాడు ఏళ్లు గడిచినా చావడు.

డబ్బులు పెట్టి ఆడే రమ్మీ సంగతి వేరు. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ మూయించింది. అది నైపుణ్యమా, అదృష్టమా అని పెద్ద పెద్ద లాయర్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించుకున్నారు. మావాడు ఒకప్పుడు రెండు వేలు పోగొట్టుకుని ఒక్క ముక్కలో చెప్పినాడు. “గెలిచినోడిది నైపుణ్యం మామా. ఓడినోడిది అదృష్టం.” వాడి జన్మలో పనికొచ్చిన రివ్యూ అదొక్కటే. సొంత దుడ్డు పోగొట్టుకుని చెప్పింది గదా, అందుకే అంత బరువు.

మొన్న ఒకాయన కూతురికి ఫోను కొనాలని వచ్చినాడు. మావాడు తన ఫోను పైకెత్తి ఉపన్యాసం మొదలుపెట్టినాడు. “చైనా చైనానే సార్. ఆ ఫినిషింగ్ మనోళ్లకు ఏడేడు జన్మలకు రాదు.” ఆ మనిషి కళ్లజోడు సరిచేసుకుని, ఫోను వెనక సన్నక్షరాలు చదివి, “మేడిన్ ఇండియా అని ఉండాదే బాబూ” అన్నాడు. మావాడు తడబడలేదు. “అట్లాగే రాస్తారు సార్, నమ్మకూడదు.”

ఇక్కడ నేను నోరు తెరవక తప్పలేదు. 2015 ఆగస్టులో షావోమీ కంపెనీ మన దేశంలో తయారు చేయించిన తన తొలి ఫోనును విశాఖలో విడుదల చేసింది. పేరు రెడ్‌మీ 2 ప్రైమ్, ధర 6,999. తయారైంది సత్యవేడు పక్కన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. 2018లో అదే కంపెనీ టీవీలను తిరుపతిలోనే డిక్సన్ ఫ్యాక్టరీలో చేయించడం మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర టీసీఎల్ తెరల ఫ్యాక్టరీకి పునాదిరాయి పడింది. బ్యాటరీలంటారా, 1985లో పుట్టిన అమరరాజా కరకంబాడిలోనే ఉంది. మావాడు టీ తాగే బల్ల నుంచి బస్సు ఎక్కితే చేరేంత దూరంలో ఇన్ని వస్తువులు పుడుతుంటే, వాడు వాటి గుణగణాలు అమెరికా కుర్రాడి వీడియోలో చూసి నేర్చుకుంటాడు. కొనాలంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతాడు. అక్కడ బేరమాడి, తన జిల్లాలో పుట్టిన ఫోనును ‘మద్రాసు సరుకు’ అని ఇంటికి తెస్తాడు.

వాణ్ని ఒక్కణ్నే అనకూడదు లెండి. మా చిత్తూరు తోతాపురి కూడా ఇదే దోవ. తోట నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, ఎక్కడెక్కడో తిరిగి, రంగు కాగితం చుట్టుకుని, సీసాలో రసమై వస్తుంది. మామిడి చెట్టు కిందే నిలబడి ఆ సీసా మూత తిప్పి, “పెద్ద కంపెనీది, ఆ రుచే వేరు” అంటాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఫోన్లూ టీవీలూ తిరుపతికి పోయినాయి, మదనపల్లె టమోటా మార్కెట్టు అన్నమయ్యకు పోయింది, మామిడికాయలూ కాణిపాకం వినాయకుడూ మాకు మిగిలినారు. పంపకం బాగా జరిగిందని నాకు తర్వాత తెలిసింది. అది చివర్లో చెప్తా.

ముందు దర్శనం సంగతి. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు. ప్రపంచంలో ఉండే తెలుగోళ్లు, తమిళోళ్లు, కన్నడిగులు అందరూ ఒకే గడియలో వేళ్లు పెట్టే పని అది. ఆ ఆట ముందు పబ్జీ ఏపాటి? మావాడు తొడ కొట్టినాడు. “నా ఫోను 144 హెర్ట్జ్ మామా, వేలు పెట్టకముందే కదుల్తాది.” పొద్దున పదికి ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పది దాటింది. వాడు టికెట్ల పేజీ ఎంత నున్నగా కదుల్తా ఉందో నాకు చూపిస్తా ఉండగానే టికెట్లు అయిపోయినాయి. పక్కింటి పిన్నమ్మ కూతురు, అద్దం పగిలి ప్లాస్టర్ అంటించిన పాత ఫోన్లో, మాట్లాడకుండా ఆరు టికెట్లు తీసేసింది. అందులో రెండు మా పేర్ల మీదే.

అట్లా అందరం కలిసి కొండెక్కినాం. గుడిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, కౌంటర్లో ఇచ్చేయాల. ఫోను ఇచ్చి రసీదు తీసుకునేటప్పుడు మావాడి మొగం చూడాల్సింది, బిడ్డను హాస్టల్లో వదిలిన తల్లి మాదిరి ఉన్నాడు. క్యూలో మొదటి అరగంట వాడికి ఒక్క అభిప్రాయం కూడా రాలేదు. నాకు భయమేసింది, ఒంట్లో బాగలేదేమో అని. ఆ తర్వాత కోలుకుని క్యూకే రివ్యూ మొదలుపెట్టినాడు. గాలి బాగుంది, లోడింగ్ టైము జాస్తి.

పిన్నమ్మ కూతురు మాత్రం నిమ్మళంగా ఉంది. “నీకు ఫోను గుర్తు రాలేదామ్మా?” అని అడిగినా.

“మాకు అలవాటే పెదనాయనా. ఫ్యాక్టరీలోనూ గేటు కాడనే ఫోను లాకర్లో పెట్టేస్తాము. షిఫ్టయిందాకా ముట్టుకోను కుదరదు.”

“ఏం ఫ్యాక్టరీ?”

“ఫోన్లదే.”

నాకు నవ్వొచ్చింది. తిరుపతి జిల్లాలో ఫోను లేకుండా మనిషి ఎనిమిది గంటలు బతికే చోటు ఒకటుందంటే అది ఫోన్లు పుట్టే చోటే. పుట్టించే వాళ్ల చేతుల్లో తప్ప ఫోను అందరి చేతుల్లోనూ ఉంటుంది. ఆ పిల్ల పని తెర మీద చుక్క ఉందా, గీత ఉందా అని చూడటం. షిఫ్టుకు వందల తెరలు. మూడేండ్ల నుంచి చేస్తా ఉంది. ఆ బిడ్డ ఇల్లు మా అక్క ఇంటికి ఆనుకునే ఉంది. ఇన్నేండ్లలో లీలామహల్ బల్ల మీద ఒక్కరికీ ఆమెను అడగాలని తోచలేదు.

మావాడు మొదటిసారి చెప్పడం మాని అడిగినాడు. “ఏ ఫోను మంచిది పాపా?”

“నాకేం తెలుసున్నా. మా కాడ ఒకే రకం తెర రెండు మూడు పేర్లతో పోతాది. అతికించే స్టిక్కరే వేరు.”

“అయితే ఏది కొనాల?”

“ఇప్పుడుండేది పనిచేస్తా ఉందా?”

“చేస్తా ఉంది.”

“అయితే కొనాకు.”

నేను విన్న రివ్యూలన్నిట్లోకీ చిన్నది, టీ కూడా అడగనిది ఇదే. మావాడు కొండ దిగిందాకా మాట్లాడలేదు. దిగినాక ఫోను చేతికి రాగానే మళ్లీ మొదలుపెట్టినాడనుకోండి.

ఇప్పుడు మా జిల్లా వాటా సంగతి. కాణిపాకంలో ఒక ఆచారముంది. అప్పు ఎగ్గొట్టినోడినైనా, దొంగతనం నింద పడినోడినైనా కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేయమంటారు. అబద్ధం చెప్పినోడికి అక్కడ కాళ్లు వణుకుతాయని మావాళ్ల నమ్మకం. ఎంతో మంది కోనేటి మెట్ల దగ్గరికి వచ్చి నిజం ఒప్పేసుకుని వెనక్కి పోయినారు. ఫోన్ల మీద, ఆటల మీద, టీవీల మీద తీర్పులు చెప్పేవాళ్లకు కూడా ఈ పద్ధతి పెడితే మేలని నా మనవి. అడగాల్సినవి మూడే ప్రశ్నలు. సొంత దుడ్డుతో కొన్నావా? నెల రోజులన్నా వాడినావా? పొగిడినందుకు ఎవరన్నా ఏమన్నా ఇచ్చినారా?

మీరూ ఫోను కొనేముందు ఎవరినో ఒకరిని అడిగే ఉంటారు. అడగండి, తప్పు లేదు. తీర్పు విన్నాక మాత్రం ఒక్క మాట అనండి. “కాణిపాకం పోదాం, మునిగి చెప్తావా?”

నేను మా అల్లుణ్ని అడిగినా. వాడికి జలుబంట.