డచ్చి బంగళాని అరగంటలో ముగించే విధానం

విశాఖలో ఇల్లున్నవాడికి చుట్టాల కరువుండదు. వేసవి సెలవులిచ్చారంటే తాడేపల్లిగూడెం నుంచి మా బావమరిది పెళ్ళాం పిల్లలతో దిగిపోతాడు. సింహాచలం, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి అయిపోయాక కూడా ఒక పూట మిగులుతుంది. అప్పుడు ఎవరో ఒకరు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉందటగా అంటారు. కంగారు పడకండి. ఏళ్ళ తరబడి తిప్పినవాణ్ణి కనక చెబుతున్నాను, ఏమీ చూడకుండా అంతా చూసొచ్చేయడం చాలా తేలిక.

పొద్దున్నే, కాళ్ళలో సత్తువ ఉండగా వెళ్ళొద్దు. కురుసురలో వంగి వంగి నడుం పట్టేశాక, ఇసకలో కూచుని మురీ మిక్స్చర్ తిన్నాక, మూసే వేళకి అరగంట ముందు వెళ్ళండి. బయటికి రాగానే ఐస్‌క్రీం అని పిల్లలకి మాటివ్వండి. ఇంక గదికి రెండు నిమిషాల లెక్కన వాళ్ళే మిమ్మల్ని తోలుకొస్తారు.

బంగళాని మాత్రం తలెత్తి చూడకండి. చూశారో, ప్రశ్నలు పుడతాయి. 1991లో ఇందులో మ్యూజియం పెట్టారు. దీని వయసు నూట యాభై ఏళ్ళు అని చెబుతుంటారు, పేరు చూస్తే డచ్చి బంగళా. డచ్చివాళ్ళు బట్టల బేరం కోసం భీమిలిలో మకాం వేసి, 1825లో ఆ ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పేశారు. ఈ అంకెల మధ్య తీసివేత చేయకండి. సెలవు రోజున లెక్కలెందుకు?

లోపల అద్దాల వెనక జమీందారీ కాలపు కప్పులు, సాసర్లు, కత్తులు, నాణేలు, పట్టుబట్టలు, ఉత్తరాలు, డైరీలు ఉంటాయి. ప్రతిదాని ముందూ ఆగి, "ఇప్పుడమ్మితే ఎంతొస్తుంది?" అని గట్టిగా అడగండి. జవాబు ఎవరూ చెప్పరు, అయినా అడగాలి. పింగాణీ దగ్గర మా బావమరిది ఏటా ఒకే మాట అంటాడు: "మా మామ్మ గదిలో ఇలాంటివి గంపెడుండేవి. ఇత్తడి బిందెలతో సహా పాతసామాన్లవాడికి వేసేసి ప్లాస్టిక్ బకెట్లు తీసుకున్నాం." ఈ మాట గర్వంగా అనాలి. ఆ మామ్మ బిందె మీద చెక్కించుకున్న పేరేమిటో అడిగితే మా వాడికి గుర్తు లేదు. మీరూ గుర్తు చేసుకోవద్దు.

పట్టుబట్టల దగ్గర గది మసకగా ఉంటే వెంటనే విసుక్కోండి. వెలుతురుకి పట్టు వెలిసిపోతుందనీ, దాని మీద 50 లక్స్‌కి మించి పడకూడదనీ మ్యూజియంవాళ్ళ లోకంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్క మనకి వర్తించదు, ఫోను ఫ్లాష్ వెయ్యండి. కత్తులు, బల్లేలు చేతికందితే మురీ మిక్స్చర్ ఉప్పు అంటిన వేళ్ళతో ఒకసారి నిమరండి. బీచ్ రోడ్డు ఫ్లాట్లలో ఏసీ డబ్బా తుప్పు పట్టి రాలిపోవడం చూసినవాళ్ళమే. అయినా సముద్రపుగాలి పాత ఇనుముని మాత్రం ఏం చేస్తుందిలెండి. ఉక్కు నగరంలో ఇనుముకి కొరతా?

కూడా వచ్చినవాళ్ళకి ఆసక్తి కలుగుతోందని అనుమానం వస్తే సాలార్జంగ్ మంత్రం వెయ్యండి. "హైదరాబాదులో సాలార్జంగ్ మ్యూజియం చూసినవాడికి ఇదేం ఆనుతుంది? మేలిముసుగు రెబెక్కా విగ్రహం ఉందా ఇక్కడ? గంట కొట్టే బొమ్మ ఉందా?" అక్కడా మనవాళ్ళు చేసేది అదే. గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టిపోగానే వీళ్ళూ ఇంటికి పోతారు. అక్కడి వస్తువుల్లో చాలావరకు పోగుచేసిన మూడో సాలార్జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, పెళ్ళీ పిల్లలూ లేకుండా 1949లో పోతే, 1951లో ఆయనుండే దివాన్ దేవిడీలోనే మొదట మ్యూజియం తెరిచారు. అక్కడ సేకరణంటే ప్రధానంగా ఒక కుటుంబం పిచ్చి. ఇక్కడున్నవి కళింగాంధ్ర ఇళ్ళ సామాను. "ఇది ఎవరింటిది, ఎందుకు వదులుకున్నారు?" అని ప్రతిదానికీ అడగొచ్చు, కానీ అడిగితే అరగంటలో తెమలదు.

దంతపు పని సంగతి అసలు ఎత్తొద్దు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ఊరి పనివాళ్ళు బీరువాలకీ పెట్టెలకీ ఏనుగు దంతం పొదిగి, దాని మీద సన్నగా గీతలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. కంపెనీ దొరలు ఓడల మీద తీసుకుపోయారు. ఊరి పాత పేరుతోనే వాటిని లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో చూపిస్తున్నారు. అమెరికా వెళ్ళేటప్పుడు దారిలో దిగి ఆ పెట్టె పక్కన సెల్ఫీ తీసుకుంటే సరిపోతుంది. చేసినవాళ్ళ పేర్లు అక్కడా ఉండవు, పేచీ లేదు.

ఇంక బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద వేసిన బాంబుల్లో పేలనిదొకటి ఇక్కడుంది. అప్పటికి హార్బరు తెరిచి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఆ దెబ్బకి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరిగెత్తారు. మీరు మాత్రం "పేలలేదుగా, వేస్టు" అని నవ్వి ముందుకి నడవాలి. మా బావమరిదైతే అది గ్యాసు సిలిండరని ఇప్పటికీ వాదిస్తాడు.

పోయినేడు వాడి చిన్నకూతురు ఆ బాంబు దగ్గరే ఆగిపోయింది. "మావయ్యా, ఇది పడ్డప్పుడు మీ తాతగారు ఊళ్ళో ఉన్నారా? ఎటు పారిపోయారు?" అని అడిగింది. ఐస్‌క్రీం అన్నాను, కదల్లేదు. కాపలాదారు తాళాలు ఆడిస్తూ వచ్చాడు, అయినా కదల్లేదు. అలాంటి పిల్ల మీ ఇంట్లో ఉంటే నా దగ్గర చిట్కా లేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ టికెట్టు తీసుకోండి.