గ్రూపు అడ్మిన్ గారి దివ్య సముఖమునకు

విషయం: మా మనవరాలి సత్తుపిండి ముద్ద.
సూచిక: తమరు రోజూ పొద్దున అయిదున్నరకు పంపే గులాబీ పువ్వు.

అయ్యా,

చంద్రపూర్‌లో కలెక్టరు గారున్నారు, ఎస్పీ గారున్నారు. వాళ్లను కాదని తమకు రాయడానికి కారణముంది. ఒక మనిషిని జిల్లా నుంచి తడీపార్ (బహిష్కరణ) చెయ్యాలంటే నోటీసు ఇవ్వాలి, విచారణ జరపాలి, ఆర్డరు రాయాలి. మన మూడొందల చిల్లర తెలుగు కుటుంబాల గ్రూపులోంచి నన్ను తడీపార్ చెయ్యడానికి తమకు బొటనవేలు చాలు. అంతటి అధికారి మన ఊళ్లో ఇంకొకరు లేరు.

తమరు భయపడాల్సిన పని కూడా లేదు. గోందియా జిల్లా నుంచి వచ్చిన ఒక కేసులో 2021 మార్చి 1న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి తీర్పు చెప్పింది. ముందే కూడబలుక్కున్న దాఖలా లేకపోతే, సభ్యుడెవడో పెట్టిన రాతకు అడ్మిన్ నేరస్థుడు కాడని దాని సారాంశం. సభ్యుల్ని చేర్చుకోవడం, తీసెయ్యడం తప్ప అప్పట్లో తమ చేతిలో పెద్దగా ఏమీ లేదు కూడా. 2022లో మాత్రం వాట్సాప్ వాళ్లు తమకింకో మీట ఇచ్చారు. ఎవరు పెట్టిందైనా సరే, అందరి ఫోన్లలోంచీ చెరిపేసే మీట. తమరు దాన్ని ఇంతవరకూ ఒక్కసారే వాడారు, మీ బావమరిది మీద ఎవరో జోకు వేసినప్పుడు.

ఇక ముద్ద సంగతి. పోయిన సద్దుల బతుకమ్మ నాడు మా పిల్ల సత్తుపిండి ముద్ద మొత్తం ఒక్కసారే నోట్లో కుక్కుకుంది. బుగ్గలు రెండూ ఉబ్బాయి, కళ్లు బయటికొచ్చాయి, ముక్కు మీద తెల్లగా పిండి. ఆ క్షణాన ఎవరో ఫొటో తీశారు. తమరు గ్రూపులో పెట్టారు. నలభై ఒక్కమంది నవ్వు బొమ్మలు కొట్టారు. నలభై ఒకటో బొమ్మ నాది.

మన గ్రూపులో పిల్లల ఫోన్లు కూడా ఉన్నాయి. వాళ్లలో ఒకడు ఆ బొమ్మను వేలితో నొక్కిపట్టి, అరటిపండు తొక్క ఒలిచినట్టు వెనకాలి బతుకమ్మను ఒలిచేసి స్టిక్కరు చేశాడు. కింద మరాఠీలో 'సాంబార్' అని రాశాడు. అది వాళ్ల ఏడో తరగతి గ్రూపుకెక్కింది. తెలుగు పిల్లలంటే ఈ ఊళ్లో ఎప్పుడూ ఇడ్లీ సాంబారే, మా చిన్నప్పుడూ అంతే. సాంబారు మా ఇంట్లో వండేది నెలకోసారి, అది వేరే సంగతి. (మన జిల్లాలోని రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేదని ఆ పిల్లలకు ఏ మాస్టారూ చెప్పినట్టు లేదు.) ఆ తర్వాత టీచరు ప్రశ్న అడిగితే జవాబు స్టిక్కరు. మా పిల్ల లెక్క తప్పితే స్టిక్కరు. ఎవరూ ఏమీ అడక్కపోయినా స్టిక్కరు.

మా పిల్లకు పొద్దున పూట కడుపునొప్పి మొదలైంది. వాము నీళ్లు తాగించాం. ఆదివారం మాత్రం నొప్పి ఉండేది కాదు. అప్పుడైనా నాకు వెలగాలి.

నేను ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పని చేసినవాణ్ని, అందులో చాలాకాలం సర్దార్‌గా. సర్దార్ పనేమిటో తమకు తెలియదు గనక చెప్తున్నాను. షిఫ్టు మొదట్లో కర్రతో కప్పు తట్టి వినాలి. గట్టి మోత వస్తే మనుషుల్ని పంపాలి. డొల్లగా మోగితే ఎవ్వర్నీ పోనివ్వకూడదు. అట్లాంటి చెవులున్నవాణ్ని, ఆదివారం రాని కడుపునొప్పి డొల్లని వినలేకపోయాను.

తర్వాత చేసింది ఇంకా ఘోరం. ఒక రాత్రి పిల్ల ఏడుస్తూ బయటపెట్టింది. నేను ఫోను లాక్కున్నాను. ఆ స్టిక్కర్లు, ఆ మాటలు, ఆ క్లాసు గ్రూపు మొత్తం చెరిపేశాను. పీడ వదిలిందనుకుని ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. మర్నాడు బడికెళ్లి వాళ్ల క్లాసు టీచరమ్మ ముందు కూర్చుంటే, ఆవిడ ఎంతో మెత్తగా, "ఆజోబా, స్క్రీన్‌షాట్ ఆహే కా?" అంది. తాతగారూ, స్క్రీన్‌షాట్ ఉందా అని.

లేదు.

1952 గనుల చట్టంలో ఒక సంగతుండేది. బాయిలో పెద్ద ప్రమాదం జరిగితే, మనుషుల ప్రాణం కాపాడడం లాంటి అవసరాలకు తప్ప ఆ చోటును కదపకూడదు, ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. పడిన రాయి పడినట్టే ఉండాలి. ఎందరికో నేనే నేర్పిన పాఠమిది. మా ఇంట్లో కప్పు కూలితే నేనే చీపురు పట్టి శుభ్రంగా ఊడ్చేశాను. పైగా శిక్ష పడిందెవరికి? స్టిక్కరు చేసినవాడి ఫోను వాడి జేబులోనే ఉంది. మా పిల్లది బీరువాలో. ఇంకోసారి ఏదన్నా జరిగితే అది నాకు చెప్తుందా తాతా అని?

ఇక బడిలో సైబర్ పాఠం చెప్పలేదా అంటే, చెప్పారు. పోలీసులు వచ్చి చెప్పిందంతా మా పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది: ఓటీపీ చెప్పకూడదు, తెలియనివాడు పంపిన లింకు నొక్కకూడదు, తెలియనివాడికి ఫొటో పంపకూడదు. అంతా తెలియనివాడి గురించే. మా పిల్లను ఏడిపించినవాడు పక్క బెంచీవాడు, ఫొటో పంపింది తమరు, నవ్వింది నేను. పోస్టర్లన్నీ మరాఠీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంట్లో పిల్ల మొహం ముందుగా చూసే మా ఆవిడకు ఆ రెండూ రావు.

తమరు కూడా పాఠాలు చెప్తూనే ఉన్నారు, కాదనను. 2017లో బ్లూ వేల్ ఆట గురించి రోజుకు నాలుగు ఫార్వర్డులు పెట్టి తల్లుల గుండెలు గుభేలుమనిపించారు. ఆ మరుసటి జనవరిలో అప్పటి మన చంద్రపూర్ ఎంపీ, హోం శాఖ సహాయ మంత్రి హంస్‌రాజ్ అహీర్ గారే లోక్‌సభకు జవాబిచ్చారు, దానిపై వేసిన కమిటీ పరిశీలించిన ఏ ఘటనలోనూ ఆ ఆట పాత్ర తేలలేదని. అది మాత్రం తమరు ఫార్వర్డ్ చెయ్యలేదు. గ్రూపు నెత్తిన 'సెక్షన్ 66ఏ కింద చర్య తీసుకోబడును' అని పిన్ చేశారు. పాల్‌ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసినందుకు, ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టినందుకు 2012లో అరెస్టు చేయించిన సెక్షన్ అది. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. తమరు పదేళ్లు దాటినా దాని శవాన్ని గుమ్మానికి వేలాడదీసి పిల్లల్ని బెదిరిస్తున్నారు. మొన్న ఆస్ట్రేలియాలో పదహారేళ్లలోపు పిల్లల సోషల్ మీడియా ఖాతాలు బంద్ చేశారని, మనకూ రావాలని పెట్టారు. రావచ్చు. కానీ ఆ చట్టం వాట్సాప్‌ను ముట్టుకోలేదు, తమ గులాబీ పువ్వుకు ఢోకా లేదు.

బాయిలోకి దిగేవాడికి ముందు ట్రైనింగు ఇవ్వాలని 1966లో రూల్సే రాశారు. ట్రైనింగు అయ్యాకే టోకెను, క్యాప్ లాంపు, దిగుడు. పదేళ్ల పిల్లకు ఫోనిచ్చిన రోజు నేనిచ్చిన ట్రైనింగు, "పడేయకు, పద్నాలుగు వేలు."

అందుచేత మనవి ఏమంటే, 66ఏ పీకేసి అక్కడ 1098 అని పెట్టండి, పిల్లల గోడు వినే నంబరు అది. డబ్బు పోతే కొట్టాల్సిన 1930 అందరికీ నోటికొచ్చు, దీన్ని గ్రూపులో నేనెప్పుడూ చూడలేదు. పిల్లల ఫొటో ఏదైనా పెట్టేముందు ఆ పిల్లనో పిల్లవాణ్నో అడగండి. వద్దంటే వద్దు. తమ చెరిపే మీటకు రెండో బోణీ చెయ్యండి.

ఎందుకంటే, అయ్యా, పోయిన మంగళవారం పొద్దున అయిదున్నరకు గులాబీ పువ్వు పక్కన తమరు పెట్టిన స్టిక్కరు ఒకసారి చూసుకోండి. ఎవరో పంపారు, బుగ్గలు ముద్దుగా ఉన్నాయని పెట్టుంటారు. కింద ఉన్న మరాఠీ చదవలేదనుకుంటాను. ఈసారి నేను స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే రాస్తున్నాను.

ఇట్లు,
తమ గ్రూపులో ఏడాదిగా మ్యూట్ చేసుకుని ఉన్న సభ్యుడు.

తా.క.: ఫోను బీరువాలోంచి తీసి ఇచ్చేశాను. బదులుగా మా పిల్ల నా వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టడం నేర్పింది. మర్చిపోకుండా నా పాత బాయి టోకెను నంబరుకు ముందు రెండు సున్నాలు చేర్చాను.

మరో తా.క.: పై తా.క. మా పిల్ల చదివింది. పిన్ మార్చేసింది. కొత్తది నాకు కూడా చెప్పడం లేదు.