సుమారు మామగారు

మా మామగారు బిల్లు చూడరు. ముందు ఫ్యాను వంక చూస్తారు.

హోటల్లో కుర్రాడు బిల్లు తెచ్చి పెట్టగానే దాన్ని అరచేత్తో మూసేసి, పైకి చూస్తూ పెదవులు కదుపుతారు. పక్క బల్లవాళ్లు భోజనమయ్యాక ఏదో స్తోత్రం చదువుకుంటున్నారనుకుంటారు. ఆయన చదివేది మెనూకార్డు.

మొన్న నలుగురం టిఫినుకి వెళ్లాం. 78, 122, 195, 207, 48. మనమైతే వరసగా కూడతాం. ఆయన జంటలు కుదురుస్తారు. "డెబ్భై ఎనిమిదికి నూట ఇరవై రెండు సరిజోడు, రెండొందలు. నూట తొంభై అయిదూ రెండొందల ఏడూ, నాలుగొందలనుకో. మిగిలింది యాభై. వెరసి ఆరొందల యాభై. జీఎస్టీ అయిదు శాతం కదా, పదో వంతు అరవై అయిదు, అందులో సగం ముప్పై రెండున్నర. ఆరొందల ఎనభై మూడు దాటకూడదయ్యా!" అని తీర్పు చెప్పి, అప్పుడు చెయ్యి తీశారు. 732.90 ఉంది. పక్క బల్లవాళ్ల వడ ఒకటి వచ్చి మా బిల్లులో కూర్చుంది.

వడ పోయింది గానీ మేం కదల్లేదు. జంటలు కుదిర్చే విద్య మేనేజరుకి నేర్పేదాకా ఆయన లేవలేదు. నా ఆఫీసు సంగతి ఎవరికి పట్టింది?

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేనాటికి ఆయన ఎక్కాలు వల్లించే వయసులో ఉన్నారు. రూపాయికి పదహారణాలని అప్పుడే ఒంటబట్టింది, అంతలోనే నూరు పైసలని మాస్టారు మాట మార్చారు. 'సరిగ్గా' కన్నా 'సుమారుగా' మీద ఆయనకి గురి ఎక్కువ కావడానికి అదే కారణమని నా అనుమానం. కాలిక్యులేటరంటే చులకన. "నువ్వు నొక్కినదానికే అది జవాబు చెబుతుంది. నొక్కాల్సిందే నొక్కావో లేదో దానికేం తెలుసు?" అంటారు. అందులో నిజం ఉంది. అదే నా బాధ.

ఆయన సూత్రం ఒకటే: ఒకటి పెంచితే ఇంకోటి దించాలి. 47 కుర్చీలు, ఒక్కోటి 32 రూపాయల అద్దె అని షామియానా అతను అనగానే, యాభైని ముప్పైతో గుణించి "పదిహేనొందలు" అనేశారు. అసలు లెక్క 1,504.

తన సూత్రం తనకే గుర్తుండదు. కిరాణా కొట్లో 43, 64, 84, 93, 54, 72. అన్నిటికీ తోక కోసేసి, మూడొందల తొంభై తేల్చి, ఇరవై ఎక్కువేశావని కొట్టతని మీదికి వెళ్లారు. తోకలన్నీ కలిస్తే ఇరవై మరి! అతను మళ్లీ కూడి చూపిస్తే, "లెక్క సరేనయ్యా, ఇలాంటి ధరలు ఎవరు పెట్టమన్నారు?" అని గదమాయించారు. పైగా చిన్నచిన్న తేడాలు ఈ వలకి చిక్కవు. ఆ రహస్యం మా వీధి కూరగాయలావిడకి ఎప్పుడో తెలుసు. ఆయనకి ప్రతిసారీ అయిదు రూపాయలు కలిపే చెబుతుంది.

ఇదంతా అంకెలతో ఆగితే బాగుండును. నాకు 46 ఏళ్లు. చుట్టాలకి "మా అల్లుడు, యాభై ఉంటాయి" అని పరిచయం చేస్తారు. జీతం చెప్పేటప్పుడు మాత్రం కిందికి దించుతారు. ఒకటి పెంచితే ఇంకోటి దించాలి కదా!

అత్తగారు పెళ్లయిన నాటి నుంచీ ఈ ఉజ్జాయింపులకి విసుక్కుంటూనే ఉన్నారు, గొలుసు కొన్న రోజు దాకా. పదహారు గ్రాముల గొలుసు, తరుగు పన్నెండు శాతం. మామగారు షాపు కప్పు వంక చూశారు. "పది శాతానికి ఒకటిన్నర పైచిలుకు, రెండు శాతానికి ఇంకాస్త. రెండు గ్రాముల లోపే." బిల్లులో 2.92 ఉంది. ఉండాల్సింది 1.92. టైపు చేసినబ్బాయి వేలు ఒక్క అంకె జారింది, అంతే. జారినది మాత్రం గ్రాము బంగారం, దాని మీద మూడు శాతం జీఎస్టీ. మిషను తప్పు పట్టలేదు, నేను పట్టలేదు, షాపువాళ్లు పట్టలేదు. అత్తగారు ఆ సాయంత్రం అడగకుండానే రెండో కాఫీ ఇచ్చారు.

మీ ఇంట్లో పెళ్లి కొనుగోళ్లుంటే కబురు చెయ్యండి, పంపిస్తాం. ఫీజేమీ లేదు, ఫిల్టరు కాఫీ చాలు. బిల్లు ఆయన చేతిలో పెట్టాకే డబ్బు కట్టండి. మీ వయసు మాత్రం చెప్పకండి.