మోచేతిరావు గారి హెల్మెట్

పొద్దున తొమ్మిదింటికి ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు కదిలే బళ్ల గుంపులో ఈ పెద్దమనిషిని వెతకనక్కర్లేదు, పదడుగులకొకరు ఉంటారు. పేరు ఏదైనా కావచ్చు, మన సౌకర్యం కోసం మోచేతిరావు అనుకుందాం. ఆయన దగ్గర హెల్మెట్ లేదనడం అన్యాయం. ఉంది, ఎడమ మోచేతికి వేలాడుతోంది. కొని రెండేళ్లయినా దాని అద్దం మీద కంపెనీవాడు అంటించిన పల్చటి కవరు ఇంకా ఊడలేదు. స్ట్రాపు క్లిప్పు మాత్రం ఎప్పుడో విరిగిపోయింది. ఒంటి మొత్తంలో ఆ మోచేతికున్నంత రక్షణ ఇంకే అవయవానికీ లేదు. కొత్తపేట దగ్గర రాంగ్ రూట్లో ఎదురొచ్చే పుణ్యాత్ముడొకడు అరచేత్తో నెత్తిమీద రెండుసార్లు తట్టి చూపిస్తాడు. ఆ సైగకు అర్థం ఈ ఊళ్లో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. బండి ఆగదు, వేగం తగ్గదు, హెల్మెట్ మాత్రం మోచేయి వదిలి నెత్తికెక్కేస్తుంది. కెమెరా పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్ ముందునుంచి మోచేతిరావు వెన్ను నిటారుగా పెట్టి, చట్టమంటే తనకున్న గౌరవమంతా మొహంలోకి తెచ్చుకుని సాగిపోతాడు. స్ట్రాపు చివరలు రెండూ గాల్లో కొట్టుకుంటూ ఉంటాయి. చైతన్యపురి వచ్చేసరికి హెల్మెట్ మళ్లీ మోచేతికి చేరుతుంది.

ఈయన్ని చూసి లోకం చెప్పే తీర్పు ఒకటే: ప్రాణమంటే లెక్కలేదు, ఒట్టి నిర్లక్ష్యం. అందుకే కూడళ్లలో యముడి వేషం కట్టించి మరీ భయపెట్టి చూశారు. మోచేతిరావు యముడితో సెల్ఫీ దిగి వెళ్లిపోయాడు. నా వాదనేమిటంటే, రోగం అది కానప్పుడు ఆ మందు పనిచేయదు. మోచేతిరావంత జాగ్రత్తపరుడు ఈ తూర్పు హైదరాబాదులో ఇంకొకడు దొరకడు. ఆయన చరిత్రలో లోటు ఒక్కటే: తన తలకు సరిపోయే హెల్మెట్‌ను పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. హెల్మెట్ మీద ఆయనకున్న పగంతా, విచారిస్తే, సైజు కుదరని హెల్మెట్ మీద పగే.

జాగ్రత్తపరుడనడానికి సాక్ష్యాలు కావాలంటే సరూర్‌నగర్ రైతుబజారులో చూడండి. పావుకిలో వంకాయల కోసం ముప్పై వంకాయలు తిప్పి చూస్తాడు, ముచ్చిక విప్పి పుచ్చు ఉందేమో పరీక్షిస్తాడు. చెప్పుల షాపులో రెండు కాళ్లకూ వేసుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, ఒకసారి వంగి, ఒకసారి మునివేళ్ల మీద లేచి, "బొటనవేలు కాడ పడ్తున్నది తమ్మీ, ఇంకో నంబరు తియ్" అంటాడు. కొత్త ఫోను కొన్న రోజే దానికి గ్లాసు అంటిస్తాడు, వెనక కవరు తొడుగుతాడు. ఇంత నేర్పరి, రోడ్డు పక్కన హెల్మెట్ల కుప్ప ముందు బండి ఆపగానే మనిషి మారిపోతాడు. ఇంజను కూడా ఆపడు. "ఎంత?" అంటాడు. "మూడొందలన్నా." "రెండొందలకిస్తవా?" "రెండున్నర ఇయ్యి, ఐఎస్ఐ మార్కే." అయిపోయింది. నెత్తిన పెట్టుకుని చూసింది లేదు. లోపల సైజు చీటీ ఉందా, ఉంటే ఏమంటోంది అన్నది లేదు. బండి రంగుకు మ్యాచ్ అవుతుందా అని మాత్రం అడిగాడు. పాదానికి ఏడో నంబరా ఎనిమిదా అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే మనిషికి, తన తల చుట్టుకొలత ఎంతో యాభై ఏళ్లు వచ్చినా తెలియదు.

కొన్నది కాకపోతే వచ్చింది ఉంటుంది. కొత్త టూవీలర్‌తో పాటు ఐఎస్ఐ ప్రమాణాల హెల్మెట్ కూడా ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే, 138వ నియమంలో ఉంది. నియమం మంచిదే. అయితే చాలాచోట్ల షోరూమువాడు పూలదండ, కొబ్బరికాయ, తాళాలతో పాటు చేతికందిన డబ్బా ఒకటి తీసిస్తాడు, మనవాడు అందులో ఏ సైజుందో చూడకుండా ఫొటో దిగి ఇంటికొస్తాడు. అక్కడి నుంచి అది ఇంటిల్లిపాదికీ ఉమ్మడి ఆస్తి. పొద్దున తండ్రి ఆఫీసుకు, మధ్యాహ్నం తమ్ముడు బ్యాంకు పనికి, సాయంత్రం ఇంటర్ చదివే కొడుకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగుకు, అందరూ అదే. తండ్రి తల చుట్టుకొలత మిల్లీమీటర్లలో 600, కొడుకుది 560, హెల్మెట్ 580. ఒకరికి కణతలు నొక్కి తలనొప్పి తెప్పిస్తుంది, ఇంకొకరికి కళ్లమీదికి జారి దారి మూసేస్తుంది. చెప్పులు పంచుకోని కుటుంబం ఇది ఎలా పంచుకుంటుందో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మోచేతిరావు ఫిర్యాదులు ఒక్కొక్కటే విందాం. మొదటిది జుట్టు: హెల్మెట్ పెడితే బట్టతల వస్తుందట. మగవాళ్ల బట్టతల ఎక్కువగా వంశపారంపర్యం, ఆయన తండ్రిగారి ఫొటో చూస్తే కేసు తేలిపోతుంది. అయితే ఫిర్యాదులో ఒక నిజం ఉంది. వదులు హెల్మెట్ గుంతలు దాటినప్పుడల్లా నెత్తి మీద అటూ ఇటూ కదిలి వెంట్రుకల్ని రాపాడిస్తుంది. కొన్న రోజు నుంచి ఉతకని లోపలి గుడ్డలో చెమట, నూనె, దుమ్ము పేరుకుంటాయి. రెండోది మెడనొప్పి. వదులుగా ఉన్నదాని కిందికి గాలి దూరి పైకి లాగుతుంటే దాన్ని నిలబెట్టే పని మెడ మీదే పడుతుంది, నొప్పి రాక ఏమవుతుంది? మూడోది పక్కనున్నవి కనపడవు అని. ముందుకు జారి కనుబొమల మీద కూర్చున్న హెల్మెట్‌లోంచి ఆకాశమే కనపడదు, పక్కలేం కనపడతాయి. నాలుగోది హారన్లు వినపడవు అని. బైరామల్‌గూడ దగ్గర లారీ హారన్ వినిపించనంత మందమైన హెల్మెట్ ఇంకా ఎవరూ తయారుచేయలేదు. చివరికి ఉక్క మిగిలింది. దీనికి మాత్రం నేను ఎదురు చెప్పను. మే నెల మధ్యాహ్నం నాగోలు వంతెన మీద ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో ఉన్న మనిషి కష్టం మాటల్లో తీరేది కాదు. గాలి రంధ్రాలున్నది కొనడం, సిగ్నల్ దగ్గర అద్దం పైకెత్తుకోవడం కొంత నయం. అంతకుమించి ఓర్చుకోవాల్సిందే. అయిదు ఫిర్యాదుల్లో మూడు ఇలా సైజు దగ్గరా ఉతుకు దగ్గరా తేలిపోతున్నాయి కాబట్టి, మోచేతిరావు మొండివాడనే కేసు నిలవదు.

సరిగ్గా కుదరడం అంటే ఏమిటో కూడా చూద్దాం, దీని గురించి మనకు చెప్పేవాళ్లు తక్కువ. కనుబొమలకు అంగుళం పైన, చెవుల మీదుగా, తల వెనక ఎత్తుగా ఉన్న చోటు కలుపుతూ టేపు చుట్టాలి. మిల్లీమీటర్లలో వచ్చిన అంకెకు దగ్గరగా 560, 580, 600 అని హెల్మెట్ లోపల సైజు ఉంటుంది. రెండింటికీ మధ్యలో పడితే రెండూ పెట్టుకుని చూడాలి, ఎందుకంటే చుట్టుకొలత ఒకటే అయినా కొందరి తల గుండ్రం, కొందరిది కోల. పెట్టుకున్నాక బుగ్గలు కాస్త పైకి నొక్కుకుని, అద్దంలో మొహం బూరెలా కనిపిస్తే అది మంచి లక్షణం. మోచేతిరావు సరిగ్గా అక్కడే "టైటున్నది" అని తీసి పక్కన పెడతాడు. లోపలి మెత్త నెల రెండు నెలల్లో అణిగి సర్దుకుంటుంది. కొన్నరోజే హాయిగా ఉన్నది ఆ తర్వాత వదులైపోతుంది. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు తిప్పితే నుదుటి చర్మం దానితోపాటు కదలాలి. చర్మం ఉన్నచోటే ఉండి హెల్మెట్ తిరిగిందంటే సైజు పెద్దది. స్ట్రాపు బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి, అంతకన్నా ఎక్కువ కాదు. అప్పుడు వెనక అంచు పట్టి ముందుకు లాగితే ఊడి రాకూడదు. ఈ పరీక్షలన్నీ ఎందుకంటే, దెబ్బను మింగేది పైన మెరిసే డొప్ప ఒక్కటే కాదు. లోపల థర్మాకోల్‌లా ఉండే గట్టి పొర నలిగి ఆ దెబ్బ బలాన్ని తీసుకుంటుంది. తలకు అది ఆనుకుని ఉంటేనే ఆ పని జరుగుతుంది. ఒకసారి గట్టిగా నలిగిన పొర మళ్లీ లేవదు, పైన గీత పడకపోయినా సరే. స్ట్రాపు పెట్టని హెల్మెట్ మనిషికంటే ముందే ఎగిరి రోడ్డు మీద పడుతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను కూడా నెత్తిన పెట్టుకుంటే చాలనలేదు, స్ట్రాపుతో గట్టిగా బిగించినదాన్నే రక్షణగా లెక్కించింది. హెల్మెట్ సరిగ్గా వాడితే చనిపోయే ప్రమాదం 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం చెప్పిన లెక్క. సరిగ్గా అన్న మాటలోనే మన కథంతా ఉంది.

ఇంత విన్నాక మోచేతిరావు తన పాత అస్త్రం తీస్తాడు: "గీ గల్లీ చివరి దాకేగా, పాల ప్యాకెట్టుకు పోయొస్తున్న." దగ్గరి ప్రయాణానికి హెల్మెట్టెందుకన్న ఈ వాదన లోకమంతటా ఉన్నదే. దీనికి జవాబు 1935లో ఇంగ్లండులో దొరికింది. అరేబియా యుద్ధాలతో పేరు మోసిన టి.ఇ. లారెన్స్ ఆ ఏడు మే 13న ఇంటికి దగ్గర్లోని పోస్టాఫీసు దాకా బండి మీద వెళ్లి తిరిగొస్తూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. యుద్ధభూములు దాటొచ్చిన మనిషి ఆరు రోజుల తర్వాత తల గాయంతో పోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన ఆ తర్వాత మోటారు సైకిల్ మీద పడ్డ సైనికుల తల గాయాలు పరిశీలించి, 1941లో హెల్మెట్ అవసరమేమిటో వైద్యపత్రికలో రాశాడు. బ్రిటన్ దాన్ని అందరికీ తప్పనిసరి చేసింది 1973లో. అంటే అక్కడి మోచేతిరావులు కూడా ముప్పై ఏళ్లకు పైగా వాదించారన్నమాట.

డబ్బు అభ్యంతరం ఇంతకంటే బరువైంది. సామాన్లు చేరవేసే కుర్రాడికి, హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే యువకుడికి వెయ్యి రూపాయల హెల్మెట్ వెయ్యి రూపాయలే. వాళ్లను నేను వెక్కిరించను. కానీ మోచేతిరావు ఆ వర్గం కాదు. లక్ష రూపాయల బండికి సీటు కవరు, క్రాష్ గార్డు, స్టిక్కర్లు వేయించి, తల దగ్గర రెండొందల యాభైకి బేరమాడాడు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం నేరం. అయినా గుర్తుదేముంది, స్టిక్కరు అంటించడం ఎవరికైనా వచ్చు. గుర్తు పైన ఐఎస్ 4151 అనీ, కింద లైసెన్సు నంబరూ లేకపోతే అది ఒట్టి అలంకారం.

నా వాదనకు ఎదురయ్యే అసలు పోటు ఇంకొకటుంది. చక్కగా కుదిరిన, నాలుగు వేలు పెట్టి కొన్న హెల్మెట్ కూడా మోచేతికి వేలాడడం మనం చూస్తూనే ఉన్నాం కదా? చూస్తున్నాం. అక్కడ నా సైజు సిద్ధాంతం ఆగిపోతుంది, జరిమానా కథ మొదలవుతుంది. 2019 సవరణ చట్టం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అంది. మన ఊళ్లో జనానికి గుర్తున్న అంకె మాత్రం 135: వంద జరిమానా, 35 యూజర్ చార్జీ. అది కూడా కట్టకుండా పోగేస్తే రాయితీ వస్తుందని 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి తేలింది. మొదటిసారి టూవీలర్లు నాలుగోవంతు కడితే చాలన్నారు, రెండోసారి అయిదోవంతు. ఎప్పటికప్పుడు బుద్ధిగా కట్టినవాడు అమాయకుడయ్యాడు, ఆషాఢం సేల్ కోసం చీరలు ఆపుకున్నట్టు చలాన్లు ఆపుకున్నవాడు తెలివైనవాడయ్యాడు. ఇలా ఏళ్ల తరబడి హెల్మెట్టును పోలీసుకు చూపించే వస్తువుగా నేర్పిస్తే, చూపించాల్సిన చోటే పెట్టుకుంటాడు. ఈ పాపంలో సగం ప్రభుత్వానిది.

వెనక సీటు సంగతి ఎవరూ ఎత్తరు. భర్త నెత్తి మీదో మోచేతికో ఒకటైనా ఉంది, వెనక పక్కకు తిరిగి కూర్చున్న ఇల్లాలికి అదీ లేదు. ఒక చేత్తో పిల్లాణ్ణీ, ఇంకో చేత్తో సంచినీ పట్టుకుని ఉంటుంది. చట్టం ఇద్దరికీ ఒకటే. దేశంలో 2022లో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 50,029 మంది అయితే, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. ఆమెకు సైజు చూసేటప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది: ముడి ఎత్తుగా వేసినా, జడకు పెద్ద క్లిప్పు పెట్టినా ఏ హెల్మెట్టూ పూర్తిగా దిగదు. జడను కిందికి వదిలి కొలవాలి, రోజూ అలాగే పెట్టుకోవాలి.

కాబట్టి ఈసారి బండి ఆపినప్పుడు "ఎంత?" అనే ముందు "580 ఉందా?" అని అడగండి. మీ అంకె అది కాకపోవచ్చు, కొలిస్తే తెలుస్తుంది. ఇంట్లో టేపు లేకపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ టైలర్ షాపు ముందైనా ఆగి తల కొలవమనండి. నవ్వితే నవ్వుతాడు, డబ్బులైతే తీసుకోడు.